వస్త్రవిద్య – ఋణము – రాబడి

పూర్వపు నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు మెట్టసీమలు. వాన మొగము చాటుచేసిన ఏడు చేను ఎండినను, మగ్గమున్న ఇంట కొంత గంజి కాగుచునే యుండును. భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెము గ్రామములలో చిటికి కట్టి రంగు లద్దిన నూలుతో నేత సాగుచున్నది. గద్వాలలో నూలుచీరకు పట్టు అంచును, పట్టు కొంగును జతపరచి నేయుదురు. నారాయణపేట గళ్ల చీరలకు పెట్టినది పేరు. 2016 లోను, 2019 లోను జరిగిన జిల్లాల విభజన వలన ఈ ఊళ్లు నేడు యాదాద్రి భువనగిరి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలలో చేరినవి. జిల్లా పేరు మారినను వృత్తి మారలేదు.

ఈ గ్రామములలో ఇప్పుడొక క్రొత్త ప్రశ్న తలయెత్తినది. మగ్గముపై బ్రతికిన తల్లిదండ్రుల బిడ్డలు ఇంటరు ముగించి, ఫ్యాషన్ డిజైను, వస్త్ర సాంకేతిక విద్య వంటి డిగ్రీ చదువులకు పోదుమనుచున్నారు. కోరిక మంచిది. తాత నేసిన గుడ్డకు మనుమరాలు బజారు వెదకునన్న, అంతకంటె సంతోషకరమైన విషయ మేమున్నది? అయితే నాలుగేండ్ల చదువునకగు ఖర్చు విన్నంతనే ఇంటివారు దిగులుపడుదురు. బ్యాంకు అప్పిచ్చునని ఒకరు, రెండెకరముల చెలక కుదువపెట్టుమని మరియొకరు సలహా చెప్పుదురు. ఆ సమయమున కుటుంబము ఆలోచన అడుగుటకు వచ్చునది తరచుగా పంచాయతీ సభ్యుని వద్దకే. కొన్ని యెడల హామీ సంతకము కూడ ఆయననే పెట్టుమందురు.

అప్పు చేసి పప్పుకూడు తినరాదని పెద్దల మాట. చదువు పప్పుకూడు కాదు, విత్తనము. కాని విత్తనమైనను దాని ధర యెంత, ఎకరమునకు ఎంత పండునని విచారింపక రైతు కొనడు. ఆ విచారణనే చదువునకు చేయు అప్పు విషయమున ఎట్లు జరుపవలెనో ఈ వ్యాసమున వివరింపనున్నాము.

అప్పు పెరుగు తీరు

విద్యాఋణము పంట ఋణము వంటిది కాదు. పంట ఋణము ఒక కారులో తీసికొని, పంట రాగానే తీర్చునది. విద్యాఋణము ఏటేట కొంత చొప్పున కళాశాలకు చేరును. చదువుకాలమునను, తరువాత సాధారణముగా ఒక సంవత్సరమును, వాయిదా కట్టనక్కరలేదు. దీనినే విరామకాలమందురు. కట్టనక్కరలేదన్నంత మాత్రమున వడ్డీ ఆగినదని తలపరాదు. అది లోలోపల పెరుగుచునే యుండి, విరామకాలము ముగియగానే అసలులో చేరును. అప్పటినుండి ఆ మొత్తము మీదనే వాయిదా కట్టవలసివచ్చును.

ఒక ఉదాహరణ చూతము. అంకెలు మేము లెక్క కొరకు ఊహించినవి. వడ్డీ రేటు బ్యాంకునుబట్టి మారును. నాలుగేండ్ల డిగ్రీకి ఏటేట సంవత్సరారంభమున రూ. 2,50,000 చొప్పున మొత్తము రూ. 10,00,000 అప్పు తీసికొనిరనుకొందము. వడ్డీ నూటికి సాలుకు 10 రూపాయలు. మొదటి ఏడు తీసికొన్న దానిపై విరామకాలము ముగియువరకు ఐదేండ్ల వడ్డీ, రెండవ ఏటి దానిపై నాలుగేండ్ల వడ్డీ, ఆ విధముగా లెక్కించిన రూ. 3,50,000 వడ్డీ యగును. ఉద్యోగములో కుదురుకొను నాటికి అప్పు రూ. 13,50,000. పదేండ్లలో తీర్చవలెనన్న నెల వాయిదా సుమారు రూ. 17,840. పదిహేనేండ్లకు పొడిగించిన సుమారు రూ. 14,500. పదేండ్లలో కట్టు మొత్తము రూ. 21 లక్షలు దాటును, పదిహేనేండ్లలో రూ. 26 లక్షలు దాటును. గడువు పెంచిన వాయిదా తగ్గును గాని, అప్పు తగ్గదు. ఈ సంగతి సంతకమునకు ముందే ఇంటివారికి తెలియవలెను.

అదే చదువునకు స్కాలర్‌షిప్పు, రుసుము రాయితీ పోగా ఏటికి రూ. 1,00,000 మాత్రమే అప్పు తీసికొన్నచో, విరామకాలము ముగియునాటికి రూ. 5,40,000 అగును, పదేండ్ల వాయిదా సుమారు రూ. 7,140. విద్య ఒకటే, సంస్థ ఒకటే కావచ్చును. కాని మొదటి బిడ్డ పదేండ్లు వంగి నడువవలెను, రెండవ బిడ్డ నిటారుగా నడువగలదు. కావున అప్పు తీసికొనవలెనా వద్దా యని కాదు, ఎంత తీసికొనవలెనని అడుగుట మొదటి ప్రశ్న.

తాకట్టు మాట కూడ తెలిసికొనవలెను. బ్యాంకుల సంఘము రూపొందించిన ఆదర్శ విద్యాఋణ పథకము ప్రకారము రూ. 4 లక్షల వరకు తాకట్టు గాని, మూడవ వ్యక్తి హామీ గాని అడుగరు. 2015 లో ఏర్పడిన కేంద్ర హామీ నిధి పరిధిలోనికి వచ్చు అప్పులకు రూ. 7.5 లక్షల వరకు ఇదే వర్తించును. అంతకు మించినచో సాధారణముగా భూమినో, ఇంటినో తాకట్టు పెట్టుమందురు. తల్లి గాని, తండ్రి గాని సహ ఋణగ్రహీతగా సంతకము చేయవలెను. వాయిదాలు తప్పినచో ఆ మచ్చ బిడ్డ పేరనే కాక తండ్రి పేరను కూడ ఋణ చరిత్రలో నమోదగును. రేపు ఆ తండ్రి మగ్గమునకు ముద్రా ఋణమో, చేనుకు పంట ఋణమో అడిగినప్పుడు బ్యాంకువారు దానిని చూతురు.

రాబడిని ఎట్లు విచారింపవలెను

అప్పు అంకె కాగితముమీద స్పష్టముగా నుండును. రాబడి అంకె అట్లు కాదు. కళాశాలల ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనబడునది ఒక విద్యార్థికి లభించిన అత్యధిక జీతము. అది జాతరలో పొట్టేలు గెలిచినవాని కథ వంటిది. గెలువని వారి లెక్క అందుండదు. మనము అడుగవలసినది మధ్య జీతము. అనగా ఆ యేడు చదువు ముగించిన వారినందరిని జీతము వరుసలో నిలబెట్టినచో సరిగా నడుమనున్న విద్యార్థికి వచ్చు జీతము. మొత్తమెందరు చదువు ముగించిరి, వారిలో ఎందరికి ఉద్యోగము దొరకినది, ఆ ఉద్యోగము చదివిన విద్యకు చెందినదా, ఏ ఊరిలో, చేతికి వచ్చునదెంత అను ప్రశ్నలు కూడ అడుగవలెను. సమాధానము వ్రాతపూర్వకముగా ఇయ్యని సంస్థ విషయమున జాగ్రత్త వహింపవలెను.

ఊరి విషయము ముఖ్యమైనది. సిద్ధవస్త్ర పరిశ్రమలో కొలువులు ఎక్కువగా బెంగుళూరు, తిరుప్పూరు, ఢిల్లీ పరిసరములలో కలవు. మన రాష్ట్రమున వరంగల్లు వద్ద కాకతీయ మెగా జౌళి పార్కునకు 2017 లో శంకుస్థాపన జరిగినది. ఎక్కడికి పోయినను గది అద్దె, భోజనము, రాకపోకలు తప్పవు. చేతికి రూ. 25,000 వచ్చు మొదటి ఉద్యోగము దొరకెననుకొందము. అందులో గదికి, భోజనమునకు రూ. 12,000, ప్రయాణము, ఫోను, చిల్లర ఖర్చులకు రూ. 3,000 పోయినచో మిగులునది రూ. 10,000. పైన చెప్పిన పెద్ద అప్పునకు వాయిదా రూ. 17,840. నెలకు రూ. 7,840 తక్కువ పడును. ఆ లోటు ఎవరు పూడ్చవలెను? ఊరిలోని మగ్గమే పూడ్చవలెను.

మగ్గము పూడ్చగలదా? 2019-20 లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములోని చేనేత కుటుంబములలో నూటికి 66 మందికి పైగా నెలకు రూ. 5,000 కంటె తక్కువ సంపాదించుచున్నారు. అనగా ఎక్కువ ఇండ్లలో మగ్గపు నెల రాబడి మొత్తము పోసినను ఆ లోటు తీరదు. చివరకు చెలక అమ్ముటయే మార్గమగును. బిడ్డ చదువు ఇల్లు నిలబెట్టవలసినది పోయి, ఇల్లు బిడ్డ చదువును మోయవలసిన స్థితి వచ్చును. చిన్న అప్పు తీసికొన్న బిడ్డకో, అదే జీతములో రూ. 7,140 కట్టగా ఇంకను రూ. 2,860 మిగులును.

ఇతర దేశములలో కూడ ఈ ప్రశ్న వచ్చినది. అమెరికాలో వృత్తివిద్యా కోర్సులను పరీక్షించుటకు 2014 లో ఒక నియమము చేసిరి. దాని ప్రకారము చదువు ముగించినవారి విద్యాఋణ వాయిదాలు వారి మొత్తము సంపాదనలో నూటికి 8 వంతులను గాని, జీవనావసరములు పోగా మిగులు సంపాదనలో నూటికి 20 వంతులను గాని మించరాదు. 2019 లో ఆ నియమమును రద్దుచేసి, 2023 లో మరల తెచ్చిరి. ఆ దేశమున ఫ్యాషన్ డిజైను మొదలగు కోర్సులు నడిపిన 'ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్' అను కళాశాలల వరుస 2023 లో మూతపడినది. మరుసటి ఏడు అక్కడి ప్రభుత్వము ఆ సంస్థలలో చదివిన సుమారు 3,17,000 మంది అప్పులు, మొత్తము 610 కోట్ల డాలర్లు, రద్దుచేయవలసివచ్చినది. ఉద్యోగముల గురించి ఆ సంస్థ విద్యార్థులను తప్పుదారి పట్టించినదని ప్రభుత్వము తేల్చినది. మన దేశమున విద్యాఋణమును అట్లు రద్దుచేయు ఏర్పాటు లేదు. కావున ముందు జాగ్రత్తయే మందు.

మన గ్రామములకు మేము సూచించు కొలబద్ద సులభమైనది. నెల వాయిదా మొదటి ఉద్యోగపు మధ్య జీతములో నాలుగవ వంతునకు మించరాదు. రూ. 25,000 జీతమునకు రూ. 6,250 వాయిదా, అనగా విరామకాలము ముగియునాటికి సుమారు రూ. 4,70,000 అప్పు. అంతకు మించిన ఖర్చునకు అప్పు కాని ధనమేదైన దొరకునా యని వెదకవలెను. అట్టి ధనము, ముఖ్యముగా నేతగాని బిడ్డకు, కలదు.

అప్పు తగ్గించు మార్గములు

మొదటిది, చేనేత కుటుంబములకే ఉద్దేశింపబడినది. 2021-22 నుండి 2025-26 వరకు నిర్దేశింపబడిన జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమములో, చేనేత కార్మికుల బిడ్డలు ఇద్దరి వరకు గుర్తింపు పొందిన ప్రభుత్వ జౌళి విద్యాసంస్థలలో డిప్లొమా గాని, డిగ్రీ గాని చదువుటకు ఒక్కొక్కరికి సాలుకు రూ. 2 లక్షలకు మించకుండ సహాయము ఏర్పరచిరి. నెలకు రూ. 5,000 శిష్యవృత్తి కూడ ఇందులో చేరియున్నది. పైన మనము లెక్కించిన అప్పులో ఇది ఎంత భాగమో చూడుడు. ఆ కాలావధి తరువాత వర్తించు నిబంధనలను జిల్లా చేనేత, జౌళి శాఖ సహాయ సంచాలకుని కార్యాలయములో గాని, హైదరాబాదులోని నేతగాండ్ర సేవాకేంద్రములో గాని విచారింపవలెను. నేతగాని గుర్తింపు కార్డు దీనికి ఆధారము. కార్డు తండ్రి పేరనే ఉండి, కండె చుట్టు తల్లి పేరున లేకపోవుట, కార్డులో పేరు ఒక విధముగను ఆధారులో వేరొక విధముగను ఉండుట వంటి చిక్కులు దరఖాస్తు వేళకు ముందే సరిచేయించుకొనవలెను.

రెండవది, వడ్డీ రాయితీ. కుటుంబ వార్షికాదాయము రూ. 4.5 లక్షలకు లోబడియున్నచో, గుర్తింపు గల సంస్థలలో వృత్తి, సాంకేతిక కోర్సులకు తీసికొన్న అప్పుపై విరామకాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వము భరించు పథకము 2009-10 నుండి కలదు. 2024 నవంబరులో ఆమోదింపబడిన పీఎం విద్యాలక్ష్మి పథకము క్రింద, ప్రభుత్వము ప్రకటించు జాబితాలోని సంస్థలలో చేరిన వారికి తాకట్టు గాని, హామీదారు గాని లేకయే ఋణమిచ్చెదరు. ఆదాయము రూ. 8 లక్షల లోపుండి, ఇతర ప్రభుత్వ రాయితీ పొందని వారికి రూ. 10 లక్షల వరకు గల ఋణముపై విరామకాలమున నూటికి 3 వంతుల వడ్డీ తగ్గింపు కలదు. ఇచ్చట గమనింపవలసినది సంస్థ పేరు. పట్టణములోని ప్రైవేటు కళాశాల ఆ జాబితాలో లేకపోయినచో ఈ సౌకర్యము లేదు. అది ఇచ్చు పత్రము విశ్వవిద్యాలయ డిగ్రీయా, లేక సంస్థ స్వయముగా ముద్రించు సర్టిఫికెట్టా యని కూడ చూడవలెను.

మూడవది, సంస్థను ఎన్నుకొనుట. జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ, అనగా నిఫ్ట్, 1986 లో కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ క్రింద స్థాపింపబడినది. దాని హైదరాబాదు శాఖ 1995 నుండి మాదాపూరులో నడుచుచున్నది. 2006 నాటి చట్టము వలన స్వయముగా డిగ్రీలిచ్చు అధికారము దానికి కలిగినది. పేరున్న సంస్థయే గాని రుసుము తక్కువ కాదు. చేతివృత్తులవారికిని, వారి బిడ్డలకును అందు ప్రత్యేక వర్గము క్రింద ప్రవేశమునకు దరఖాస్తు చేయు వీలు కలదు. అల్పాదాయ కుటుంబములకు గల ఆర్థిక సహాయమును గురించి కూడ అడుగవలెను.

డిగ్రీయే కావలెనన్న పట్టుదల లేనివారికి చేనేత సాంకేతిక విద్యలో మూడేండ్ల డిప్లొమా కలదు. పదవ తరగతి ముగిసిన పిమ్మట దీనిలో చేరవచ్చును. మునుపు మన విద్యార్థులు ఇందుకై వెంకటగిరికి పోవలసివచ్చెడిది. కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట భారత చేనేత సాంకేతిక సంస్థ హైదరాబాదులో 2024 సెప్టెంబరు 9 న ప్రారంభమైనది. తక్కువ ఖర్చుతో మూడేండ్లు చదివి, పనిలో చేరి, తరువాత పై చదువు ఆలోచించుట ఒక నిదానమైన త్రోవ. ఇంకను తక్కువ కాలములో పని నేర్వదలచిన యువతీయువకులకు, పోచంపల్లి సమీపమున జలాలుపురములో 1995 లో వెలసిన స్వామి రామానందతీర్థ గ్రామీణ సంస్థ వృత్తి శిక్షణ నిచ్చుచున్నది.

నాల్గవది, చదువుకాలమునందే వడ్డీ కట్టుట. మొదటి ఏడు రూ. 2,50,000 పై నెలకు వడ్డీ సుమారు రూ. 2,080. ఏటేట పెరుగు ఈ వడ్డీని విరామకాలము ముగియువరకు ఎప్పటికప్పుడు చెల్లింపగలిగినచో అప్పు రూ. 13,50,000 కాక రూ. 10,00,000 వద్దనే నిలుచును, వాయిదా రూ. 13,220 కు తగ్గును. ఇట్లు కట్టువారికి కొన్ని బ్యాంకులు వడ్డీ రేటులో నూటికి ఒక వంతు తగ్గించును.

ఇంటి విద్యకు గల విలువ

రాబడి లెక్కలో జీతమొక్కటే కాదు, ఇంటనున్న విద్యను కూడ చేర్చవలెను. పోచంపల్లి నేతకు 2005 లోను, పుట్టపాక తేలియా రుమాలుకు 2020 లోను భౌగోళిక గుర్తింపు లభించినది. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనకు 2011 లో పద్మశ్రీ వచ్చినది. ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము ఆరవ తరగతితో చదువు మానినవాడు. ఒక్క చీరకు ఆసు పోయుటకై తల్లి వేలసార్లు చేయి అటునిటు ఆడించుట చూచి, ఆ శ్రమ తప్పించు లక్ష్మీ ఆసు యంత్రమును నిర్మించెను. 2017 లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

చదువు అక్కరలేదని చెప్పుటకు ఈ పేర్లను వాడరాదు. అందరును మల్లేశములు కాలేరు. నేతగాని ఇంట పుట్టిన బిడ్డ కళాశాలకు ఉత్తచేతులతో పోవుట లేదని మాత్రమే మేము చెప్పునది. చిటికి కట్టుటయు, పడుగు పేకల లెక్కయు, రంగు పట్టు తీరును ఆ బిడ్డ ఊయలనుండి చూచినది. లేనిది బజారు విద్య: ధర కట్టుట, కొనువాని అభిరుచి, ఎగుమతి నిబంధనలు, కంప్యూటరుపై నమూనా గీయుట, ఆన్‌లైను అమ్మకము. ఆ లోటు పూడ్చు కోర్సును ఎన్నుకొన్న బిడ్డకు రెండు త్రోవలు తెరచియుండును: పట్టణములో ఉద్యోగము ఒకటి, ఊరి సహకార సంఘముతోనో, నేత సమూహముతోనో కలిసి పనిచేయుట మరియొకటి. చేనేత సమూహములకు డిజైనరును నియమించుటకు కేంద్ర కార్యక్రమమునందే ఏర్పాటున్నది. కాని రెండవ త్రోవలో రాబడి నిదానముగా వచ్చును. నెలకు రూ. 17,840 వాయిదా నెత్తిపైనున్న బిడ్డ ఊరికి తిరిగి రాలేదు. అప్పు పెద్దదైనకొలది ఊరు దూరమగును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని

ఏప్రిలు, మే నెలలలో ప్రవేశముల హడావుడి రాకమునుపే, అనగా కార్తీక మాసము నాటికే, ఇంటరు చదువుచున్న పిల్లల తల్లిదండ్రులను ఒక సాయంకాలము పంచాయతీ కార్యాలయమునకు పిలువుడు. బ్యాంకు శాఖాధికారిని, చేనేత శాఖ ఉద్యోగిని ఆ సమావేశమునకు ఆహ్వానింపుడు. దరఖాస్తు గడువులను, కావలసిన పత్రములను నోటీసు బోర్డుపై వ్రాయింపుడు. ఆదాయ, కుల ధృవపత్రములు, బ్యాంకు ఖాతా, నేతగాని కార్డు సరిగానున్నవో లేవో చూచుకొనుమని చెప్పుడు.

ఒక కుటుంబము అప్పు విషయమై వచ్చినప్పుడు, వారి ఎదుటనే ఒక తెల్లకాగితముపై ఐదు పంక్తులు వ్రాయుడు: చదువునకగు మొత్తము ఖర్చు, హాస్టలుతో సహా, స్కాలర్‌షిప్పు, రాయితీ పోగా మిగులు అప్పు, విరామకాలము ముగియునాటికి ఆ అప్పు, నెల వాయిదా, ఆ కోర్సు ముగించినవారి మధ్య జీతము. నాల్గవ పంక్తిని ఐదవ పంక్తితో పోల్చి చూపుడు. స్కాలర్‌షిప్పు ధనము ఒక్కొక్కప్పుడు ఆలస్యముగా వచ్చును. ఆ నెలలలో రుసుము ఎట్లు కట్టుదురని కూడ అడుగుడు. వాయిదా నాలుగవ వంతు దాటినచో చదువు మానుమని చెప్పవలదు. ఖర్చు తగ్గు సంస్థను, డిప్లొమాను, మరియొక స్కాలర్‌షిప్పును వెదకుటకు ఒక వారము గడువడుగుడు.

ఆడబిడ్డల విషయమున మరింత మెలకువ అవసరము. అప్పు లెక్క పెద్దదనగానే 'పిల్లకెందుకు ఇంత చదువు' అను మాట ఇంట పుట్టును. లెక్క చూచుట చదువు మాన్పించుటకు సాకు కారాదు. దేశములోని చేనేత కార్మికులలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. పని వారిది, విద్యయు వారికి చేరవలెను. కొడుకునకైనను కూతునకైనను లెక్క ఒకటే, గీత ఒకటే.

హామీ సంతకము అడిగినచో, మొగమాటమునకు పెట్టవలదు. అప్పు తీరనినాడు బ్యాంకు మీ గడప త్రొక్కుననునది గుర్తుంచుకొని, పై కాగితము చదివి, నమ్మకము కలిగిన పిదప పెట్టుడు. అట్లు లెక్క చూచి పెట్టిన సంతకము ఆ బిడ్డకు నిజముగా అండయగును. లెక్క చూడక పెట్టినది ఇద్దరికిని భారమగును. నేతగాడు పడుగు సరిచూచుకొనకుండ పేక వేయడు. చదువునకు అప్పు చేయు కుటుంబముచే ఆ సరిచూపు చేయించుట పంచాయతీ సభ్యుడు చేయగల గొప్ప సేవ.